మా ఇంట్లో అలల లెక్క

నేను బి.కాం. చదివినవాణ్ణి. ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో పని చేస్తున్నాను. వడ్డీ లెక్కలు, తాకట్టు పత్రాలు, సంతకాలు సరిచూడటం, ఇవే నా విద్య. పదో తరగతి గట్టెక్కాక భౌతికశాస్త్రం వైపు మళ్ళీ తిరిగి చూడలేదు. అటువంటి నేను అలల గురించీ, కిరణాల గురించీ రాశానంటే మా శాఖలో కుర్రాళ్ళు నవ్వుకుంటారని తెలుసు. అయినా రాస్తున్నాను. ఈ రెండేళ్ళలో మన సంఘంలోని నాలుగు కుటుంబాల వాళ్ళు నన్ను పక్కకు పిలిచి ఒకే ప్రశ్న అడిగారు. నలుగురికీ నాలుగు సార్లు చెప్పే బదులు అందరికీ ఒకసారి చెబుదామని మా ఆవిడే అంది. ఇందులో ఆవిడ సంగతులు కూడా ఉన్నాయి. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను.

రెండేళ్ళ క్రితం మా ఆవిడకు ఎడమ రొమ్ములో గడ్డ కనిపించింది. పరీక్షలు చేస్తే క్యాన్సర్ అన్నారు. బరంపురంలో ఉన్న మన తెలుగువాళ్ళలో చాలామంది పెద్ద జబ్బు అనగానే విశాఖపట్నం రైలెక్కుతారు కదా, మేమూ అదే చేశాం. ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళకు డాక్టరుగారు, "ఇక రేడియేషన్ ఇవ్వాలి. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదు వారాలు, మొత్తం 25 సార్లు" అన్నారు. తేదీ నిర్ణయించుకుని, ఆ లోపల పదిహేను రోజులు ఇంట్లో ఉందామని బరంపురం వచ్చాం.

మనవాళ్ళు ఆ వైద్యాన్ని 'కరెంటు పెట్టడం' అంటారు. ఆ మాటే మా ఇంట్లో సగం బెంగకు కారణమైంది. పలకరించడానికి వచ్చిన బంధువొకాయన, "కరెంటు పెట్టించుకున్న మనిషి ఒంట్లోంచి ఆరు నెలలపాటు కిరణాలు వస్తూనే ఉంటాయిట" అని చెప్పి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు. అప్పటికి మా అమ్మాయి పురిటికి వచ్చి ఇంట్లోనే ఉంది. మనవరాలికి మూడో నెల. ఆ సాయంత్రం నుంచే మా ఆవిడ పసిదాన్ని ఎత్తుకోవడం మానేసింది. "ఇంకా వైద్యం మొదలే పెట్టలేదు కదా" అంటే, "ఇప్పటి నుంచే అలవాటు చేసుకుంటే తరవాత నాకూ బాధ ఉండదు, దానికీ బాధ ఉండదు" అంది.

ఇది ఒక భయం. రెండోది సెల్ ఫోన్ టవరు. మా వెనక వీధి మేడ మీద ఆరేడేళ్ళుగా ఒక టవరు ఉంది. "దాని రేడియేషన్ వల్లే ఈ జబ్బు వచ్చిందేమో" అని పొరుగింటి మావుసీ ఒడియాలో అంటే, మన తెలుగు చుట్టాలు తెలుగులో తల ఊపారు. మా ఆవిడ ఇల్లు అమ్మేద్దామంది. మా నాన్నగారు గుమాస్తా జీతంలో కూడబెట్టి కట్టించిన ఇల్లు అది. ఒకపక్క జబ్బు తెచ్చింది రేడియేషన్ అని భయం, మరోపక్క జబ్బు తగ్గించేదీ రేడియేషనే అంటే ఇంకా భయం. "ఏమండీ, రెంటికీ పేరు ఒకటే కదా, మరి ఒకటి విషమూ ఒకటి మందూ ఎలా అవుతాయి?" అని అడిగింది. బ్యాంకులో రోజుకు వందమందికి సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పే నేను, ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. "అలాంటిదేం ఉండదులే" అన్నాను. పూచీ లేని మాట అని ఆవిడకూ తెలిసింది, నాకూ తెలిసింది.

మా బావగారు, అంటే మా అక్కయ్య భర్త, ఇక్కడి కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. ఆయన దగ్గరకు వెళ్ళి ఉన్నదంతా చెప్పాను. ఆయన వెంటనే ఏమీ చెప్పలేదు. "రేపు ఆదివారమే కదా, పొద్దున్నే గోపాలపురం వెళ్దాం రా" అన్నారు. బరంపురానికి 16 కిలోమీటర్ల దూరంలో ఉన్న సముద్రం అది. చిన్నప్పటి నుంచి వందసార్లు చూసిందే.

గట్టు మీద కూర్చున్నాక, అలలు విరిగే చోటికి అవతల లంగరు వేసి ఉన్న పడవ ఒకటి చూపించారు. దాని పక్కనే ఏదో కొమ్మ తేలుతోంది. "ఆ కొమ్మనే చూస్తూ ఉండు. ఇన్ని అలలు దాన్ని దాటి వస్తున్నాయి. కొమ్మ మనవైపు వస్తోందా?" అన్నారు. చూశాను. అల వచ్చినప్పుడు లేస్తోంది, వెళ్ళినప్పుడు దిగుతోంది, దాదాపు అక్కడే ఉంటోంది. "చూశావా, ప్రయాణం చేస్తున్నది నీళ్ళు కాదు, ఊపు. అల అంటే సరుకు కదలకుండా శక్తిని మాత్రం ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేర్చే పద్ధతి. మీ బ్యాంకులో డ్రాఫ్టు లాంటిదనుకో. ఇక్కడి నోట్లు ఇక్కడే ఉంటాయి, విలువ మాత్రం విశాఖపట్నం చేరుతుంది" అన్నారు. నాకు అర్థమయ్యే భాషలో మొదలుపెట్టారని సంతోషించాను.

ఆ తరవాత అలకు మూడు లెక్కలు చెప్పారు. ఒక అల నెత్తి నుంచి దాని వెనక అల నెత్తి దాకా ఉన్న దూరం తరంగదైర్ఘ్యం. ఒక సెకనులో ఎన్ని అలలు దాటాయన్నది పౌనఃపున్యం. ఈ రెంటినీ గుణిస్తే వచ్చేది వేగం. "ఇది నీకు చిన్నప్పుడే రేడియోవాళ్ళు చెప్పారు. నువ్వే వినలేదు" అని నవ్వారు.

ఆ మాటకు మా నాన్నగారి రేడియో గుర్తుకొచ్చింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా కొత్త రాష్ట్రమైనప్పుడు, మద్రాసు రాజధానిలో ఉన్న మా గంజాం ప్రాంతంలో చాలా భాగం బరంపురంతో సహా ఇటు వచ్చింది. మనుషులు ఎక్కడివాళ్ళు అక్కడే ఉన్నారు, ఎల్ల మాత్రం కదిలింది. మా నాన్నగారి తరానికి తెలుగు మాట గాలిలో వచ్చిందే వచ్చినట్టు. పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు కట్టి ఉంచుకున్న ఆ రేడియోలో పగలంతా కటక్ కేంద్రం గంట కొట్టినట్టు వినిపించేది. విజయవాడ పెడితే బరబర తప్ప ఏమీ ఉండేది కాదు. రాత్రి భోజనాలయ్యాక నాన్నగారు ముల్లు మెల్లగా తిప్పేవారు. అప్పుడు విజయవాడ పలికేది. మాట కాసేపు దగ్గరకు వచ్చినట్టు, కాసేపు దూరం పోయినట్టు ఉండేది. నాటకంలో ముఖ్యమైన మాట దగ్గర మాయమైతే మా అమ్మ ఉసూరుమనేది. "పగలు ఎందుకు రాదు నాన్నగారూ" అని అడిగితే, "పగలు దారిలో రద్దీ ఎక్కువరా" అనేవారు. అదే నిజమని చాలా ఏళ్ళు నమ్మాను.

"అప్పట్లో కేంద్రం పేరు చెప్పాక ఇన్ని మీటర్లు, ఇన్ని కిలోహెర్ట్జులు అనేవారు, గుర్తుందా? మీటర్లంటే అల పొడవు, హెర్ట్జులంటే సెకనుకు ఎన్ని అలలని. విజయవాడకు 358.4 మీటర్లు, 837 కిలోహెర్ట్జులు. గుణించి చూడు" అన్నారు బావగారు. కిలో అంటే వెయ్యి కాబట్టి సెకనుకు 8 లక్షల 37 వేల అలలు. నా ఫోనులోని కాలిక్యులేటర్లో కొట్టి చూస్తే సుమారు 30 కోట్ల మీటర్లు, అంటే సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు వచ్చింది. "అది కాంతి వేగం. ఏ రేడియో కేంద్రం అంకెలు గుణించినా అంతే వస్తుంది. సూర్యుడి వెలుగూ, మీ నాన్నగారి రేడియోకి వచ్చిన నాటకమూ, నీ సెల్ ఫోన్ మాటా, ఆస్పత్రి ఎక్స్ కిరణమూ శూన్యంలో అదే వేగంతో పోతాయి. ఎందుకంటే అన్నీ ఒకే ఇంటి పిల్లలు" అన్నారు.

ఆ ఇంటి పేరు విద్యుదయస్కాంత తరంగాలు. నీటి అలకు నీరు కావాలి, ధ్వనికి గాలి కావాలి. వీటికి ఏ పదార్థమూ అక్కర్లేదు. విద్యుత్ బలమూ, అయస్కాంత బలమూ ఒకదాన్నొకటి పుట్టించుకుంటూ ముందుకు సాగిపోతాయి. మాక్స్‌వెల్ అనే స్కాట్లండు శాస్త్రజ్ఞుడు 1865లో అచ్చయిన పరిశోధనలో ఈ లెక్క కట్టాడు. విద్యుత్తు మీదా అయస్కాంతం మీదా బల్ల దగ్గర కూర్చుని చేసిన కొలతల నుంచి అటువంటి అల వేగం ఎంత ఉండాలో తేల్చితే, అది కాంతి వేగంతో సరిపోయింది. రెండు వేరు వేరు పుస్తకాల్లో నిల్వలు పైసాతో సహా సరిపోతే ఖాతా ఒకటేనని మా వాళ్ళు ఎలా పట్టుకుంటారో, కాంతి కూడా విద్యుదయస్కాంత తరంగమేనని ఆయన అలా పట్టుకున్నాడు. 1888 నాటికి జర్మనీలో హెర్ట్జ్ ఆ అలలను ప్రయోగశాలలో పుట్టించి చూపించాడు. రేడియోవాళ్ళు చెప్పే హెర్ట్జ్ ఆయన పేరే. 1895లో మన కలకత్తాలో జగదీశ్ చంద్ర బోసు తీగలు లేకుండా అలలతోనే దూరాన ఉన్న గంటను మోగించి చూపించాడు. అదే ఏడాది నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు.

ఈ కుటుంబాన్ని అల పొడవును బట్టి వరసలో నిలబెడితే దాన్ని వర్ణపటం అంటారు. పొడవాటి అలలు రేడియోవి. మన ఎఫ్.ఎం. అల సుమారు 3 మీటర్లు. 900 మెగాహెర్ట్జుల సెల్ ఫోన్ అల 33 సెంటీమీటర్లు, అంటే జానెడు పైన. వంటింటి మైక్రోవేవ్ పొయ్యిది 12 సెంటీమీటర్లు. ఆ తరవాత పొయ్యి దగ్గర చెయ్యి పెడితే వెచ్చగా తగిలే పరారుణ కిరణాలు. ఆ పక్కన మన కంటికి కనిపించే ఏడు రంగులు. వీటి పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే కూడా తక్కువ. ఇంకా పొట్టివి ఎండలో ఒళ్ళు కమిలించే అతినీలలోహిత కిరణాలు. ఆ తరవాత ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు. ఇంత పెద్ద వరసలో మన కంటికి ఆనేది ఏడు రంగుల చిన్న ముక్క మాత్రమే. వెలుగు కూడా రేడియేషనేనని నాకు అప్పుడే తెలిసింది. ఆ మాటకు అర్థం ప్రసరించేది అని మాత్రమే, విషం అని కాదు.

"అన్నీ ఒకే కుటుంబమైతే మా ఆవిడ భయం నిజమే కదండీ? టవరు అలా, ఆస్పత్రి కిరణమూ అన్నదమ్ములే కదా" అన్నాను. ఆయన, "అన్నదమ్ములే. కానీ జేబులో డబ్బు వేరు" అని అసలు సంగతి చెప్పారు.

1900లో ప్లాంక్, 1905లో ఐన్‌స్టీన్ తేల్చిన విషయం అది. కాంతి అలలాగా ప్రయాణం చేసినా, శక్తిని ఇచ్చేటప్పుడు మాత్రం విడివిడి బిళ్ళలుగా ఇస్తుంది. ఆ బిళ్ళను ఫోటాన్ అంటారు. ఒక్కో బిళ్ళ విలువ పౌనఃపున్యాన్ని బట్టి ఉంటుంది. సెకనుకు ఎక్కువ అలలైతే పెద్ద బిళ్ళ, తక్కువ అలలైతే చిన్న బిళ్ళ. వెలుతురు పెంచితే బిళ్ళల సంఖ్య పెరుగుతుంది గాని, ఒక్కో బిళ్ళ విలువ పెరగదు.

ఇది వినగానే నాకు మా శాఖ ముందు ఒకప్పుడు ఉన్న పసుపు డబ్బా ఫోను గుర్తుకొచ్చింది. అందులో రూపాయి బిళ్ళ వేస్తేనే మాట కలిసేది. పావలాలు మూటెడు తెచ్చినా అది మూగగానే ఉండేది. 2011 జూన్ నెలాఖరుకు పావలాలు చెల్లవని ప్రకటించినప్పుడు జనం సంచులతో తెచ్చి పోశారు. సంచి మోసి మా గుమాస్తాకు నడుము పట్టింది, ఆ బరువు నిజమే. కానీ ఆ సంచి మొత్తం ఇచ్చినా ఆ ఫోనులో ఒక్క మాట కలిసేది కాదు. "సరిగ్గా అదే" అన్నారు బావగారు. మన ఒంట్లోని కణంలో ఉండే డి.ఎన్.ఏ. లాంటి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టాలంటే ఒక్క బిళ్ళకే ఆ పాటి విలువ ఉండాలి. చిన్న బిళ్ళలు ఎన్ని కలిసినా ఆ పని చేయలేవు. అవి చేయగలిగింది సంచి బరువు లాంటి పని, అంటే వేడెక్కించడం. మైక్రోవేవ్ పొయ్యి ఆ పనే చేస్తుంది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి, బావగారు చెప్పిన పౌనఃపున్యాలు పట్టుకుని నేనే ఒక మారక పట్టిక వేశాను. మరునాడు ఆయనకు చూపిస్తే సరేనన్నారు. 900 మెగాహెర్ట్జుల సెల్ ఫోన్ అల తాలూకు ఒక్క బిళ్ళ విలువ ఒక పైసా అనుకోండి. అప్పుడు విజయవాడ రేడియో బిళ్ళ పైసాలో వెయ్యో వంతు. ఆకుపచ్చ వెలుగు బిళ్ళ సుమారు 6 వేల రూపాయలు. అతినీలలోహిత బిళ్ళ 10 వేల ప్రాంతం. అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టడానికి సుమారు 27 వేల రూపాయల బిళ్ళ కావాలి. ఛాతీ ఫోటో తీసే ఎక్స్ కిరణం బిళ్ళ 10 కోట్ల పైమాట. ఆస్పత్రిలో మా ఆవిడకు ఇవ్వబోయే కిరణం బిళ్ళ వందల కోట్ల రూపాయలు.

నేను ఈ పట్టికను ఎన్నిసార్లు సరిచూసుకున్నానో చెప్పలేను. మనం రేడియేషన్ అని ఒకే మాటతో పిలిచేవాటిలో ఒకటి పైసా, ఒకటి వందల కోట్లు. భిక్షగాడికీ కోటీశ్వరుడికీ ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఇద్దరి పరపతీ ఒకటవుతుందా?

టవరు గురించి ఆయన ఏకపక్షంగా మాట్లాడలేదు. అది రాయకపోతే నాది తప్పవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011లో రేడియో అలలను 'బహుశా క్యాన్సర్ కారకం కావచ్చు' అనే వర్గంలో పెట్టింది. ఆధారాలు పరిమితమే అయినా కొట్టిపారేయకుండా ఇంకా పరిశీలించాలని దాని భావం. మన ప్రభుత్వం కూడా 2012 సెప్టెంబరు 1 నుంచి టవర్ల తీవ్రత పరిమితిని అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు తగ్గించింది. టవర్ల సమాచారం చూసుకోవడానికీ, కొలతలు కోరడానికీ 2017లో తరంగ్ సంచార్ అనే ఏర్పాటు కూడా చేసింది. ఇంకొక మాట. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది, మూడు రెట్లైతే తొమ్మిదో వంతుకు. దూరాన ఉన్న టవరు కంటే చెవికి ఆనించుకున్న మన ఫోనే మనకు దగ్గర. "జాగ్రత్త వద్దనను. కానీ మీ ఆవిడ జబ్బుకు ఆ టవరే కారణమని చెప్పడానికి ఆధారం లేదు. ఆధారం లేకుండా ఇల్లు అమ్ముతావా?" అన్నారు. విశాఖలో డాక్టరుగారూ, ఇది ఇందువల్లే వచ్చిందని ఒక కారణం చూపించలేమన్నారు. ఏ కారణమూ లేదనుకోవడం కంటే ఏదో ఒక కారణం మీద కోపం తెచ్చుకోవడమే మనిషికి సుఖంగా ఉంటుంది కాబోలు. మా ఆవిడ ఆ టవరు వంక చూడటం మానడానికి చాలా రోజులు పట్టింది. ఇల్లు మాత్రం అమ్మలేదు.

తరవాత విశాఖలో ఆస్పత్రికి దగ్గరగా ఒక గది అద్దెకు తీసుకుని ఐదు వారాలు ఉన్నాం. అక్కడ ఫిజిసిస్టు అనే ఉద్యోగం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ముప్ఫై ఏళ్ళు దాటని ఒక అమ్మాయి ఆ పని చేసేది. కిరణం ఏ కోణంలో పోవాలి, ఎంత పోవాలి, గుండెకూ ఊపిరితిత్తికీ ఎంత తక్కువ తగలాలి, ఇవన్నీ లెక్క కట్టేది ఆమే. కోట్ల రూపాయల నోటు కాబట్టి లెక్క తప్పకూడదు. మా క్యాషియర్ల కంటే జాగ్రత్తగా కనిపించింది. ఆ మోతాదును గ్రే అనే కొలతలో లెక్కిస్తారు. మా ఆవిడకు మొత్తం 50 గ్రేలు, రోజుకు 2 చొప్పున 25 వాయిదాలు. ఒకేసారి ఎందుకు ఇవ్వరని అడిగాను. "కిరణం జబ్బు కణాన్నీ కొడుతుంది, దారిలో ఉన్న మంచి కణాన్నీ కొడుతుందండీ. మంచి కణం మర్నాటికి చాలావరకు తనను తాను బాగు చేసుకోగలదు. జబ్బు కణానికి అంత చేతకాదు. అందుకే వాయిదాలు" అంది. వాయిదాల పద్ధతిలో ఇంత దయ ఉంటుందని ముప్ఫై ఏళ్ళలో నాకు ఎప్పుడూ తోచలేదు.

'కరెంటు' సంగతి కూడా ఆమే తేల్చింది. ఒంట్లోకి కరెంటు ఏమీ పోదు. కరెంటుతో నడిచే యంత్రం శక్తిమంతమైన ఎక్స్ కిరణాలను పుట్టిస్తుంది, అంతే. యంత్రం ఆపగానే కిరణం ఆగిపోతుంది. గదిలో దీపం ఆర్పాక వెలుతురు గోడల్లో దాక్కుని ఉండదు కదా, ఇదీ అంతే. బయటి నుంచి యంత్రంతో ఇచ్చే ఈ వైద్యం వల్ల రోగి ఒంట్లోంచి ఇతరులకు కిరణాలు రావు. కొన్ని జబ్బులకు రేడియోధార్మిక మందును ఒంట్లోకే ఇస్తారు. ఆ పద్ధతి వేరు, అప్పుడు ఎన్నాళ్ళు ఎడంగా ఉండాలో డాక్టర్లే చెబుతారు. మా బంధువు రెంటినీ కలిపి చెప్పాడన్నమాట.

నేను ఇవన్నీ రాత్రిపూట గదిలో మా ఆవిడకు చెబుతూ ఉండేవాణ్ణి. పైసా, కోట్లు అంటూ పట్టిక కూడా చూపించాను. ఊఁ కొట్టేది. నమ్మినట్టే ఉండేది. కానీ మా అమ్మాయి ఫోన్ చేసి పసిదాన్ని చూపించినప్పుడు, "దగ్గు రాకుండా చూసుకో" లాంటి మాటలే తప్ప, వచ్చి ఎత్తుకుంటానని మాత్రం అనేది కాదు.

ఇరవై అయిదో రోజున మా అమ్మాయీ, అల్లుడూ పసిదాన్ని తీసుకుని విశాఖ వచ్చారు. ఆస్పత్రి వరండాలో కూర్చున్నాం. చివరి వాయిదా అయిపోయి మా ఆవిడ బయటికి వచ్చింది. వెనకే ఫిజిసిస్టు అమ్మాయి కాగితాలు తీసుకుని వచ్చింది. మా ఆవిడ ఆమెను ఆపి, "అమ్మా, నువ్వు రోజూ ఇక్కడే ఉంటావు కదా. నీకు పిల్లలున్నారా?" అని అడిగింది.

"మూడేళ్ళ బాబు ఉన్నాడమ్మా."

"ఇంటికి వెళ్ళాక వాణ్ణి ఎత్తుకుంటావా?"

"ఎత్తుకోకపోతే ఊరుకుంటాడా అమ్మా? గుమ్మం దగ్గరే కాళ్ళకు చుట్టుకుంటాడు. నేనే కాదు, మీరూ ఎత్తుకోవచ్చు. ఎడమవైపు చర్మం కమిలింది కదా, కొన్నాళ్ళు అటు ఒత్తుకోకండి, అంతే."

మా ఆవిడ మా అమ్మాయి వైపు చెయ్యి చాపింది. పసిదాన్ని కుడి భుజానికి ఆనించుకుంది. మాక్స్‌వెల్, ప్లాంక్, నా మారక పట్టిక, అందరం కలిసి ఐదు వారాల్లో చేయలేని పని ఆ ఒక్క ప్రశ్నతో అయిపోయింది. నేను కించపడలేదు. లెక్క నిజమని చెప్పే పుస్తకం ఒకటి, ఆ లెక్క ప్రకారం బతుకుతున్న మనిషి ఒకరు. మా ఆవిడ అడిగింది రెండోదే.

ఆ రాత్రి గదిలో పసిది నిద్రపోయాక, నాన్నగారి రేడియో సంగతి మళ్ళీ వచ్చింది. గోపాలపురంలో బావగారు చెప్పింది మా ఆవిడకు చెప్పాను. భూమికి సుమారు 60 కిలోమీటర్ల ఎత్తు నుంచి వందల కిలోమీటర్ల దాకా అయనావరణం అనే పొరలున్నాయి. సూర్యకిరణాలు అక్కడి గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టడం వల్ల ఏర్పడ్డాయి అవి. పగలు వాటిలో అడుగున ఉన్న పొర మీడియం వేవ్ అలలను మింగేస్తుంది. సూర్యుడు అస్తమించాక ఆ అడుగు పొర కరిగిపోతుంది. అప్పుడు విజయవాడ అల పైకి పోయి, ఎగువ పొర నుంచి వంగి, వందల కిలోమీటర్ల అవతల మా బరంపురంలో దిగేది. ఎగువ పొర నిలకడగా ఉండదు కాబట్టే మాట దగ్గరకు వచ్చినట్టూ దూరం పోయినట్టూ ఉండేది. ఇంగ్లండులో ఆపిల్టన్ 1924లో ఈ పొర ఉందని రుజువు చేసి, 1947లో నోబెల్ బహుమతి పొందాడు. మేమున్న గదికి కొద్ది దూరంలోనే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య బి. రామచంద్రరావుగారు ఈ అయనావరణం మీదే పరిశోధనలు చేశారు.

మా ఆవిడ అంతా విని, "అయితే మావయ్యగారు చెప్పింది మరీ అబద్ధం కాదన్నమాట. పగలు దారిలో అడ్డం ఉంది, రాత్రి లేదు" అంది. ఆ మాట వినడానికి నాన్నగారు లేరు. ఉంటే, "చూశావా, నా కోడలికి తెలిసింది, నీకు తెలియలేదు" అనేవారు.

ఇప్పుడు ఆరు నెలలకొకసారి విశాఖ వెళ్ళి పరీక్ష చేయించుకు వస్తున్నాం. ఇంతవరకు బాగానే ఉంది. మనవరాలికి రెండేళ్ళు దాటాయి, అమ్మమ్మ భుజం దిగదు. టవరు అక్కడే ఉంది. ఫోను తలగడ కింద పెట్టుకుని పడుకునే అలవాటు నేను మానేశాను, జాగ్రత్తకు ఖర్చేముంది?

మన పాఠకులకు నా మనవి ఒక్కటే. ఇంట్లో ఎవరికైనా 'కరెంటు పెట్టాలి' అని డాక్టరు చెబితే, పేరు విని బెదిరిపోయి వైద్యం మానకండి, వాయిదాలు మధ్యలో ఎగ్గొట్టకండి. భయం వేస్తే దాచుకోకుండా ఆ గదిలో పని చేసేవాళ్ళనే అడగండి. మనం ఎవరికైనా అప్పు ఇచ్చేముందు ఇంటిపేరు చూసి ఊరుకోం, పత్రాలు చూస్తాం. కిరణం విషయంలోనూ పేరు చూసి ఊరుకోవద్దు, అది పైసాదో కోట్లదో కనుక్కుని, ఆ తరవాత ఎంత భయపడాలో అంతే భయపడదాం.